ఫ్రేములో నాలుగో మనిషి

వెంకటరమణ చేపల వేటకు వెళ్లేటప్పుడల్లా బ్యాగు సర్దేది వాళ్ల మేనత్త లోవమ్మే. ఆ పొద్దున కూడా ఆమే వంటింటి గుమ్మం దగ్గర చతికిలబడి, లుంగీలు, మందపాటి తువ్వాలు, పాత స్వెట్టరు మడతలు పెట్టి అడుగున పరిచింది. చింతకాయ పచ్చడి సీసాకు మూత చుట్టూ గుడ్డ కట్టి, పక్కకు ఒరగకుండా బట్టల మధ్య నిలబెట్టింది. ఎండు రొయ్యల పొడి డబ్బా, నొప్పుల మందు, సబ్బు, టార్చిలైటు, ఫోనుకు ఛార్జింగు పెట్టుకునే ఇటుకలాంటి బ్యాటరీ. ఒక్కొక్కటీ పెట్టడం, చోటు చాలలేదని తీయడం, మళ్లీ పెట్టడం. బోటు మధ్యాహ్నం కాకినాడ హార్బరు నుంచి బయల్దేరుతుంది. తిరిగి ఒడ్డుకు వచ్చేసరికి దీపావళి కూడా దాటిపోతుంది.

రత్తమ్మ వసారాలో మంచం మీద కూర్చుని కొడుకు చేతిలోని ఫోను వంక చూస్తోంది. చూపు ఫోను మీదున్నా ప్రాణం బ్యాగు మీదే ఉంది. కొడుకు బయల్దేరే రోజున ఆమెకు చేతులాడవు. బియ్యం కడిగితే సగం నీళ్లతో కొట్టుకుపోతాయి. పొయ్యి మీద పెట్టింది మాడిపోతుంది. పెళ్లయిన కొత్తలో ఇదే వసారాలో నుంచుని, ఆడపడుచు లోవమ్మ మొగుడు తెప్ప మీద వెళ్లడం ఆమె కళ్లారా చూసింది. అతను వెళ్లినంత తేలిగ్గా ఎవరూ వెళ్లరు. ఈల వేసుకుంటూ వెళ్లాడు, మళ్లీ ఒడ్డు చేరలేదు. ఆ తర్వాత లోవమ్మ తమ్ముడింట్లోనే ఉండిపోయింది. రత్తమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరుగుతుంటే, పిల్లలిద్దరికీ నీళ్లు పోసి, అన్నం కలిపి పెట్టి, జో కొట్టింది ఆమే.

"అమ్మా, ఇటు చూడు. మళ్లీ మళ్లీ చెప్పను," అన్నాడు వెంకటరమణ.

శ్రావణమాసంలో రత్తమ్మ కూతురు అశ్విని పెళ్లి జరిగింది. ఫొటోలు తీసింది కాకినాడలో ఆశాజ్యోతి స్టూడియో జాషువా. ఇదివరకైతే ఫొటోలన్నీ ఒక సీడీలో వేసి ఇచ్చేవారు. ఇప్పుడు జాషువా ఫోనుకు లింకు పంపాడు. అది నొక్కితే పెళ్లంతా అందులోనే ఉంది. ఆల్బమ్‌లోకి కావలసిన వాటికి గుండె గుర్తు పెట్టాలి. గోడకు కట్టే పెద్ద ఫ్రేముకు ఒక్క ఫొటో ఎంచి ఆర్డరు నొక్కాలి. ఆ ఫ్రేము అశ్విని అత్తవారింటి హాల్లోకి వెళ్తుంది. పుట్టింటివాళ్లు అలా ఫ్రేము కట్టించి ఇవ్వడం ఇప్పుడు అందరూ చేస్తున్నదే. కార్తీకమాసం దాటితే లింకు మూసేస్తానని జాషువా ముందే చెప్పాడు.

"నచ్చిందనుకో, గుండె నొక్కు. ఏదన్నా మార్చాలనుకో, ఫొటో కింద ఈ మైకు బొమ్మ నొక్కి మాట్లాడు. నువ్వు మాట్లాడింది అక్షరాలైపోయి ఆయనకి వెళ్లిపోద్ది."

పెరట్లో వల బాగుచేసుకుంటున్న తండ్రి పల్లంరాజు అక్కడి నుంచే అందుకున్నాడు. "మీ అమ్మ మాట్లాడ్డం మొదలెడితే ఆ జాషువా స్టూడియోకి తాళం వేసుకుని పోవాలి."

"నువ్వు నీ ముళ్లు వేసుకో," అంది రత్తమ్మ.

"ఇంకోటి చూడండి, అసలు తమాషా ఇదీ." వెంకటరమణ ఫోనును తల్లి ముఖానికి ఎదురుగా పెట్టి ఫొటో తీశాడు. క్షణంలో రత్తమ్మ ఉన్న ఫొటోలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. బియ్యం పోస్తున్న రత్తమ్మ, ఎవరినో కేకలేస్తున్న రత్తమ్మ, కళ్లు తుడుచుకుంటున్న రత్తమ్మ. "ముఖం చూపిస్తే చాలు, నువ్వెక్కడున్నా అదే ఏరి పెడతాది. అత్తా, నువ్వు రా."

"నాకెందుకురా," అంది లోవమ్మ. అన్నదే గాని చేయి తుడుచుకుని లేచి వచ్చింది. వెంకటరమణ తన పాత ఫోను ఒకటి ఆమెకు ఎప్పుడో ఇచ్చాడు. దాంట్లోనే లింకు తెరిచి, ఆమె ముఖం పట్టాడు.

ఒకే ఒక్క ఫొటో వచ్చింది.

పెళ్లి మూడు రోజులూ లోవమ్మ వెనకవైపు గాడిపొయ్యిల దగ్గరే ఉంది. పసుపు దంచేటప్పుడు పక్కకు తప్పుకుంది, మంగళస్నానాలప్పుడు తప్పుకుంది, తలంబ్రాలప్పుడు పందిట్లోకే రాలేదు. ఎవరూ వద్దనలేదు. వద్దనే దాకా తెచ్చుకునే మనిషి కాదు. మిగతా ఫొటోల్లో వెతికితే ఆమె మోచెయ్యో, వంగిన వీపో కనబడుతుందేమో గాని, ముఖం ఉన్నది ఈ ఒక్కదాంట్లోనే. పెళ్లికూతుర్ని చేసిన రోజు పొద్దున వెంకటరమణే ఆమెను పొయ్యి దగ్గర నుంచి చెయ్యి పట్టి లాక్కొచ్చి నిలబెట్టాడు. ఇంటి ముందు నలుగురు. ఈ చివర రత్తమ్మ, పక్కన వెంకటరమణ, పసుపు చీరలో అశ్విని, ఆ చివర లోవమ్మ. ఎవరో ఏదో అన్నారు. నలుగురూ ఒకేసారి నవ్వారు. లోవమ్మ చెయ్యి అశ్విని భుజం మీద ఉంది.

లోవమ్మ ఫోనును దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఒరే రమణా, గోడకి కట్టేది ఇదే కట్టించవా?"

ఆ ఇంట్లో ఆమె నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం రత్తమ్మ ఎరగదు.

"ఇదే అత్తా. ఇంతకంటే మంచిది ఇంకోటి ఉందా? అమ్మా, విన్నావుగా, ఇదే పెద్ద ఫ్రేముకి. నేనొచ్చేసరికి రెడీగా ఉండాలి." అతను లోవమ్మ వైపు తిరిగాడు. "నన్ను చూడాలనిపించిందనుకో, నీ ముఖం చూపించు. నా ముఖం వచ్చేత్తాది."

"పో వెధవా," అంది లోవమ్మ.

అతను బ్యాగు భుజాన వేసుకునే వేళకు ఆమె అక్కడ లేదు. ఎవరైనా బయల్దేరుతుంటే పెరటి గోడ వెనక్కి వెళ్లిపోయి, మనిషి సందు మలుపు తిరిగాక గాని ఇవతలికి రాదు. ఎదురు పడకూడదని ఆమె పెట్టుకున్న నియమం. రత్తమ్మకు ఆ నియమం మంచిదనే ఉండేది. వెంకటరమణ మాత్రం సందు చివర నుంచి ఊరంతా వినబడేలా అరిచాడు: "అత్తా! వెళ్లొత్తాను!"



*

ఆ తర్వాత రోజుల్లో రత్తమ్మకు ఆ ఫోనే లోకమైంది. చేపల బేరం ముగించుకుని వచ్చి, కాళ్లు కడుక్కుని మంచమెక్కితే చాలు, పెళ్లి మళ్లీ మొదలయ్యేది. మొదటి రోజు చేతికి అందిన వాటికల్లా గుండె నొక్కేసింది. పెళ్లికొడుకు బాబాయి బట్టతల ఒక్కటే నిండిన ఫొటోకు కూడా.

"ఆయన బుర్ర మన ఆల్బమ్‌లో దేనికే?" అన్నాడు పల్లంరాజు.

"వేలు జారింది."

"జారితే జారింది. అప్పగింతల్లో ఒక్కటీ నొక్కలేదేం? అప్పగింతలు లేని ఆల్బమ్ ఎక్కడన్నా ఉందా?"

ఆ ఫొటోలు వచ్చేసరికి రత్తమ్మ వేలు దానంతటదే గబగబా పైకి తోసేసేది. కూతురు కారెక్కే ఫొటో, కారు తలుపు వేసే ఫొటో, వెనక అద్దంలో పూలజడ కనిపించే ఫొటో. పిల్ల కాకినాడలోనే ఉంది, బస్సెక్కితే గంటలో చూసి రావచ్చు. అయినా ఆ కారు తలుపును మాత్రం చూడలేకపోయేది. "ఏడుపులు దాచుకోవడానికి ఆల్బమ్ దేనికి," అంది చివరికి.

పెద్ద ఫ్రేముకు నలుగురి ఫొటోకే గుండె పెట్టింది. ఇంకా ఆర్డరు నొక్కలేదు. నొక్కే ముందు ఒకసారి వియ్యపురాలికి చూపించడం మర్యాద అనుకుని, లింకు పంపి ఫోను చేసింది. అశ్విని అత్తగారు తలుపులమ్మకు మంచు ఫ్యాక్టరీ ఉంది, మేడ ఉంది, ప్రతి మాటకూ ముందు కాసేపు ఆగే అలవాటూ ఉంది.

"ఫొటో బాగానే ఉంది వదినగారూ," అంది తలుపులమ్మ. తర్వాత ఆగింది. "అదే, ఆ చివర మీ ఆడపడుచు కదండీ? పసుపు బట్టల్లో ఉన్న పిల్ల మీద ఆవిడ చెయ్యి వేసి నిలబడితే మీరెలా ఊరుకున్నారండీ?"

"పిల్లల్ని పెంచింది ఆవిడేనండి..."

"కాదన్లేదండి. పెంచిందంటే గొప్పే. హాల్లో కడతాం కదా, నలుగురూ వచ్చేపోయే చోటు, లేచీ లేవగానే మా అబ్బాయి చూసే చోటు. మీకు తెలీందేముంది. మీ ఇష్టమండి."

మీ ఇష్టం అన్న మాట రత్తమ్మను ఆ రాత్రి కుదురుగా పడుకోనివ్వలేదు. పిల్ల ఆ ఇంట్లో అడుగుపెట్టి మూడు నెలలైనా కాలేదు. ఒక ఫొటో కారణంగా పిల్లను ఏమైనా అంటే? రేపు కడుపు పండటం ఆలస్యమైతే దీన్నే చూపిస్తే? ఆమె భయానికి ఒక కొస దొరికితే చాలు, మిగతా తాడంతా అదే పేనుకుంటుంది.

మర్నాడు దీపావళి. తెల్లవారి, లోవమ్మ చేపలు ఎండబెట్టడానికి ఇసుకలోకి వెళ్లాక, రత్తమ్మ గది తలుపు దగ్గరగా వేసుకుని మైకు బొమ్మ నొక్కింది. టెలిఫోనులో మాట్లాడినట్టే మాట్లాడింది. "బాబూ జాషువా, నేనయ్యా, రత్తమ్మని, వెంకటరమణ వాళ్లమ్మని. ఈ ఫొటోలో చివరనున్న మనిషిని తీసెయ్యి బాబూ. చెయ్యి కూడా కనపడకూడదు. మిగతాది అలాగే ఉంచు." అక్షరాలు ఒక్కొక్కటే వచ్చి పడుతుంటే చూపు తిప్పుకుంది. అయినా పంపేసింది.

సాయంత్రానికి పాత ఫొటో ఉన్న చోటే కొత్తది వచ్చి కూర్చుంది. జాషువా పనిమంతుడు. లోవమ్మ నిలబడిన చోట ఇంటి గోడ, గోడ మీద మామిడాకుల తోరణం కొస. అశ్విని భుజం మీద పసుపు చీర ముడత కూడా చెదరలేదు. రత్తమ్మ ఊపిరి పీల్చుకుని ఆర్డరు నొక్కింది.

*

దీపావళి వెళ్లిన మర్నాడు ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. సముద్రంలో వాయుగుండం ఉందని, వేటకెళ్లిన బోట్లు దగ్గరి రేవుకు చేరాలని మైకులో చెప్పుకుంటూ ఆటో తిరిగింది. చాలా బోట్లు వచ్చేశాయి. వెంకటరమణ బోటు రాలేదు. బోటు యజమాని, వైర్‌లెస్‌కు అందడంలేదు, అంతమాత్రాన కంగారు పడక్కర్లేదు అన్నాడు. కంగారు పడక్కర్లేదని ఎవరైనా అన్నప్పుడే రత్తమ్మకు కంగారు మొదలవుతుంది.

మంచం మీద కూర్చుని, కొడుకు ముఖం చూసుకుందామని ఫ్రేము ఫొటో తెరిచింది. పల్లంరాజు వెనక నుంచి వంగి చూశాడు.

"ముగ్గురే ఉన్నారేంటే?"

రత్తమ్మకు అప్పటిదాకా తట్టనే లేదు. ముగ్గురు కలిసి ఫొటో దిగకూడదని, దిగితే నడిమి మనిషికి మంచిది కాదని ఆ పల్లెలో నడక రాని పిల్లకు కూడా తెలుసు. ముగ్గురే ఉంటే ఎవరో ఒకరు పరిగెత్తి పక్కింటి పిల్లనో, అదీ కాకపోతే ఏ కుక్కపిల్లనో తెచ్చి పక్కన పెట్టుకుంటారు. ఇప్పుడు ఈ ఫొటోలో ఈ చివర తను, ఆ చివర అశ్విని. నడుమ, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ, వెంకటరమణ.

"మా అక్కేది? ఇందులో మా అక్క ఉండాలి కదా!" అంటున్నాడు పల్లంరాజు.

ఆమె అప్పటికే చెప్పులు వెతుక్కుంటోంది.

జాషువాకు ఫోను కొడితే ఎత్తలేదు. ఆటోలో మెయిన్‌రోడ్డుకు, అక్కడి నుంచి బస్సులో కాకినాడకు. దారి పొడుగునా ఎడమ పక్క సముద్రం రాళ్లగట్టు మీదికి ఎగిరి పడుతోంది. రత్తమ్మ అటు చూడకుండా ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చుంది. ఫొటో ప్రింటు కాకముందే చేరితే చాలు. కాగితం మీదికి రానంతవరకు అది ఫొటో కాదు, ఉత్త వెలుగు. ఈ ఆలోచన తనదేనో, తనను తాను ఓదార్చుకోవడానికి ఎక్కడి నుంచో తెచ్చుకున్నదో ఆమెకే తెలియలేదు.

స్టూడియోలో జాషువా కంప్యూటరు ముందున్నాడు. చెమటతో, వానతో తడిసిపోయి వచ్చిన మనిషిని చూసి కుర్చీ లాగాడు.

"ప్రింటుకి వెళ్లిపోయిందా బాబూ?"

"సాయంత్రం పంపుతానమ్మా ల్యాబుకి. ఏమైందండీ?"

"ఆపెయ్యి. ముగ్గురైపోయారు."

జాషువా తెర మీద ఫొటో తెరిచి చూసి నాలుక కరుచుకున్నాడు. "ఆయ్, నిజమేనండోయ్. మా వాళ్లలో ఈ పట్టింపు లేదు గాని మీ పల్లెల్లో ఉంటాది కదా. నేనే అడగాల్సింది. తీసెయ్యమన్నారు, తీసేశాను." కొంచెం నవ్వాడు. "మళ్లీ ఆవిడ్ని పెట్టెయ్యమంటారా? పాతది నా దగ్గరే ఉంది. రెండు నిమిషాల పని."

పెట్టెయ్యి అంటే సరిపోయేది. ఆ మాట రత్తమ్మ నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడే తలుపులమ్మ గొంతు, ఆ గొంతుకు ముందుండే ఆగుడు, చెవిలో వినబడ్డాయి. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

జాషువా అడిగిన వాళ్లకు అడ్డు చెప్పే రకం కాదు. "పోనీ నాలుగో మనిషి ఎవరైనా పర్లేదంటే చెప్పండి. మీ ఆయన్ని పెట్టేద్దామా? వేరే ఫొటోల్లో ఉన్నారుగా. అతికించినట్టు ఎవరికీ తెలీదు."

"అలా చెయ్యొచ్చా?"

"భలేవారే. లేనివాళ్లని కూడా పెడుతున్నామండి ఇప్పుడు."

వెతికి, టెంటు గుంజకు ఆనుకుని నిలబడ్డ పల్లంరాజును పట్టాడు. చుట్టూ కత్తిరించి, తెచ్చి, అశ్విని పక్కన నిలబెట్టాడు. చెయ్యి దగ్గర వచ్చింది చిక్కు. పల్లంరాజు రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి. కూతురి పక్కన అలా నిలబడితే అతికించినట్టే ఉంది.

"ఒక పని చేత్తానండి. పెద్దావిడ చెయ్యి ఉంది కదా భుజం మీద, ఆ చెయ్యి వరకూ వెనక్కి తెచ్చేత్తాను. గాజులు లేవు కాబట్టి మగమనిషి చెయ్యిలాగే ఉంటాది."

రత్తమ్మ తెర మీది ఆ చేతిని చూసింది. వెంకటరమణకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు పసరు నూరి నూరి పుండ్లు పడిన వేళ్లు అవి. ఏదో అనబోయింది. బయట గాలికి స్టూడియో రేకు దడదడలాడింది. సముద్రం గుర్తొచ్చింది, నడిమి మనిషి గుర్తొచ్చాడు.

"కానీ బాబూ," అంది. "తొందరగా కానీ."

*

ఆమె ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. పల్లంరాజు హార్బరుకు వెళ్లాడు. లోవమ్మ వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లో పాత ఫోను. పక్కింటి దుర్గ ఆమె పక్కనే నిలబడి బిక్కచూపులు చూస్తోంది.

"ఏంటి వదినా, ఏమైంది?" అంది రత్తమ్మ. "కబురేమన్నా వచ్చిందా?"

లోవమ్మ తల అడ్డంగా ఊపింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బి ఉంది. మాట సగమే పైకి వచ్చింది. "వాడు రాడం లేదు, రత్తమ్మా."

"అదేం మాట!"

"పొద్దుట్నించీ చూపిస్తన్నాను. ఈ పిల్లతో తీయిస్తన్నాను. నా ముఖం చూపిస్తే వాడి ముఖం రావాలి కదా, వాడే చెప్పాడు కదా. రోజూ వచ్చేవాడు. ఇయ్యాల ఎన్నిసార్లు చూపించినా రాడం లేదు. ఖాళీగా ఉంటంది." ఆమె ఫోనును రత్తమ్మ వైపు చాపింది. "పోయినోళ్లు దాంట్లోంచి కూడా పోతారా? ఆయన పోయినప్పుడు నాకు ముందే తెలిసింది. పొయ్యి మీద పాలు విరిగిపోయినాయి. ఇప్పుడు ఇది."

రత్తమ్మ ఫోను అందుకుంది. తెల్లటి తెర. ఈ ముఖం ఉన్న ఫొటోలు ఏవీ లేవని రాసి ఉంది. ఆ అక్షరాలు ఆమె కూడబలుక్కుని చదవగలదు. లోవమ్మకు చదవడం రాదు.

అప్పుడే ఏదో ఒకటి చెప్పేసి ఉండవచ్చు. సిగ్నలు లేదనవచ్చు, లింకు మూసేశారనవచ్చు. రత్తమ్మ నోరు తెరిచింది కూడా. కాని లోవమ్మ స్తంభానికి తల కొట్టుకోవడం మొదలుపెట్టింది, నెమ్మదిగా, చప్పుడు లేకుండా, పిల్లను జో కొట్టినంత నెమ్మదిగా. కడుపున పుట్టని పిల్లవాడి కోసం అలా తల కొట్టుకునే మనిషికి అబద్ధం చెప్పడం రత్తమ్మకు చేతకాలేదు.

"వదినా, ఆగు. వాడికేం కాలేదు. ఫొటోలోంచి పోయింది వాడు కాదు." ఆమె కింద కూర్చుని లోవమ్మ తలకూ స్తంభానికీ నడుమ అరచెయ్యి పెట్టింది. "నువ్వు. నిన్ను తీయించేశాను. నీ ముఖం లేదు కాబట్టి అది రాలేదు. వాడు అందులోనే ఉన్నాడు. నా ఫోనులో చూడు, ఇదిగో."

లోవమ్మ ఆ ఫోనును రెండు చేతులా పట్టుకుంది. వెంకటరమణ నవ్వుతున్నాడు. ఆమె వేలితో అతని ముఖం తడిమి, కళ్లకద్దుకుంది.

"అయితే వాడికేం కాలేదా?"

"ఏం కాలేదు."

"నిజంగా అంతేనా?"

"అంతే, వదినా."

"అమ్మయ్య," అంది లోవమ్మ. ఆమె ఒంట్లోంచి బిగువంతా ఒక్కసారిగా దిగిపోయింది. దుర్గను చూసి, "పోవే, మీ అమ్మ వెతుక్కుంటాది," అని నవ్వింది కూడా.

ఆ పిల్ల వెళ్లాక గాని మిగతాది ఆమెను చేరలేదు. ఫొటోను మళ్లీ చూసింది. ఈసారి అంచు నుంచి అంచుకు చూసింది.

"ఎవరు తీయమన్నారు?"

"నేనే." తలుపులమ్మ పేరు చెబుదామనుకుంది రత్తమ్మ. చెబితే ఏమవుతుంది? మైకు నొక్కింది తలుపులమ్మ కాదు.

"ఇదేంటి, మా పల్లంరాజు ఎప్పుడొచ్చాడు ఇక్కడికి?"

"ముగ్గురవకూడదని పెట్టించాను."

"ఆ పొద్దున వాడు మొహం కూడా కడగలేదు," అంది లోవమ్మ. అని, భుజం మీదున్న చెయ్యి దగ్గర ఆగిపోయింది. తన కుడిచేతిని తిప్పి చూసుకుంది. ఫోను తిరిగి ఇచ్చేసింది. "పెట్టించావు, మంచి పని చేశావు. ముగ్గురుంటే కీడు."

ఆ తర్వాత లేచి పొయ్యి రాజేసింది. ఆ పూట అన్నం ఆమే వండింది. రత్తమ్మ వెనకే తిరుగుతూ, "వదినా, రేపే మార్పించేత్తాను, నిన్నే పెట్టించేత్తాను," అంటూ ఉంది. ఎన్నిసార్లు అన్నా లోవమ్మ, "సర్లే," అనే అంది. కసిరి ఉంటే రత్తమ్మ కాళ్లు పట్టుకునేది. తిట్టి ఉంటే తానూ తిట్టి, ఏడ్చి, రాత్రికి ఒకే కంచంలో తిని ఉండేవాళ్లు. అలాంటి తగాదాలు ముప్పై ఏళ్లలో ఎన్ని రాలేదు! ఇది తగాదా కాలేదు. అందుకే రత్తమ్మకు ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు.

రెండో రోజున కబురొచ్చింది. బోటు విశాఖపట్నం రేవుకు చేరిందని, ఇంజను పాడయితే వేరే బోటు లాక్కొచ్చిందని, అందరూ క్షేమమని. పల్లంరాజు ఆ మాట చెబుతుంటే లోవమ్మ పెరట్లోకి వెళ్లి సముద్రం వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. మర్నాడు నాగులచవితి. పుట్టలో పాలు పోసి వచ్చాక, "అంతర్వేది వైపు మా అత్తారి ఊళ్లో మా మరిది పిల్లలున్నారు కదా, చూసి చాన్నాళ్లయింది," అంది తమ్ముడితో. ముప్పై ఏళ్లుగా ఆమె ఆ ఊరి పేరెత్తలేదు. పల్లంరాజు అమాయకుడు. "పోయి నాలుగు రోజులుండి రా అక్కా, గాలి మారుద్ది," అన్నాడు.

ఆ మర్నాడు రత్తమ్మ చేపల వేలంపాటకు వెళ్లి వచ్చేసరికి, పల్లంరాజు అక్కను మోపెడ్ మీద బస్సు దగ్గర దింపి వచ్చేసి ఉన్నాడు. వంటింట్లో వెంకటరమణ కోసం చేసిన కొత్త చింతకాయ పచ్చడి, సీసాలో, మూత చుట్టూ గుడ్డ కట్టి ఉంది. పాత ఫోను దాని పక్కన ఉంది.

ఫ్రేము పల్లంరాజుతోనే వచ్చింది. జాషువా చేతిపని చూసి తలుపులమ్మ మురిసిపోయింది. వాళ్ల హాల్లో, టీవీ పైన కట్టారు. వచ్చినవాళ్లంతా నలుగురూ ఎంత బాగా నవ్వారో అంటారట. వెంకటరమణ తిరిగొచ్చి, జరిగింది విని, తల్లిని ఒక్క మాట కూడా అనలేదు. స్టూడియోకి వెళ్లి పాత ఫొటో పెద్దది తీయించుకుని, అంతర్వేది బస్సెక్కాడు. మర్నాడు సాయంత్రానికి ఒక్కడే వచ్చాడు.

"ఏమంది?" అంది రత్తమ్మ గుమ్మంలోనే.

"ఏమీ అనలేదు. పులస దొరకలేదని చందువా వండి పెట్టింది. నీ మోకాళ్లెలా ఉన్నాయని అడిగింది."

"ఫొటో?"

"చూసింది. బావుందంది. తడి తగలకుండా జాగ్రత్తగా పట్టుకెళ్లమని బ్యాగులో పెట్టి ఇచ్చింది."

"వస్తానందా?"

వెంకటరమణ చెప్పులు విప్పుతూ ఉండిపోయాడు.

తర్వాత రత్తమ్మ తనే వెళ్లింది, ఒకసారి కాదు. లోవమ్మ ఎదురొచ్చి చేతిలో సంచీ అందుకునేది, మజ్జిగ ఇచ్చేది, తిరుగు బస్సు దాకా వచ్చేది. బస్సు కదిలేటప్పుడు మాత్రం చెట్టు వెనక్కి తప్పుకునేది.

లోవమ్మ నిరుడు నాగులచవితి మర్నాడు ఆ ఇల్లు విడిచి వెళ్లింది. తిరిగి రాలేదు.